పరుగు పళ్ళెం

ఉజ్వల కడుపుకి యాభై ఏళ్ళు నిండేసరికి ఉజ్వలకి ఇంకా ఇరవై రెండే.

కంగారుపడకండి, ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. కాకినాడలో ఓ పరిశోధనశాల అద్దాల పెట్టెలో, అరచెయ్యంత పళ్ళెంలో పెరిగిన కడుపది. కడుపంటే సంచి మొత్తం కాదు, లోపలి పొర మాత్రమే. గొట్టం వేసి ఉజ్వల కడుపులోంచి గిల్లి తెచ్చిన గోరంత ముక్కని అక్కడి పరిశోధకురాలు వకుళ ఆ పళ్ళెంలో నాటింది. వెచ్చటి పోషకరసం పోసింది. కొన్నాళ్ళు దాని మానాన దాన్ని పెరగనిచ్చి, ఆ తర్వాత కణాల్ని తొందరపెట్టే మందు చుక్కలు చుక్కలుగా ఇస్తూ వారాల్లో ఏళ్ళు నడిపించింది. ఆ పొర కళ్ళముందే వయసుకొచ్చింది, ముదిరింది, ముసలిదైంది. దాన్ని ల్యాబులో అందరూ పరుగు పళ్ళెం అనేవాళ్ళు.

ఎందుకొచ్చిన పరుగంటారా? ఉజ్వల తండ్రి వీర్రాజుది ఆత్రేయపురం దగ్గర పూతరేకుల వ్యాపారం. మనిషి దిట్టంగా ఉండేవాడు. కడుపునొప్పంటూ ఆస్పత్రికెళితే, కడుపు పైభాగమంతా పెసరగింజలు చల్లినట్టు వందలకొద్దీ బుడిపెలున్నాయన్నారు. డాక్టర్ల భాషలో పాలిప్స్. అలాంటివి చాలామందికి ఉంటాయి, ఏమీ చెయ్యవు. వీర్రాజువి మాత్రం వంశంలో పారే అరుదైన రకం. ఏదో ఒకనాడు అందులో ఒక్కటి తిరగబడి క్యాన్సరవుతుంది. ఏటా గొట్టం వేయించుకుని చూపించుకోమన్నారు. "ఆయ్, అలాగేనండి," అని ఇంటికొచ్చి రేకులు చుట్టుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ వెళ్ళేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఆ జబ్బుకి మందు లేదు. తిరగబడక ముందే కడుపు మొత్తం తీయించేసుకోవడం ఒక్కటే దారి. తీసేసినా మనిషి బతుకుతాడు. పేగుని పైకి లాగి కుడతారు. కాకపోతే ఇక జన్మలో విస్తరి ముందు కూర్చుని తృప్తిగా భోంచెయ్యడమనేది ఉండదు. గంటకో గుప్పెడు తినాలి, అదీ భయపడుతూ. తొందరపడితే అన్నం సుఖం పోతుంది, ఆలస్యమైతే మనిషే పోతాడు. మరి ఎప్పుడు తీయించుకోవాలి? ఆ 'ఎప్పుడు' చెప్పడానికే వకుళ, ఆమె పైఅధికారి చెన్నకేశవగారు కలిసి పరుగు పళ్ళెం తయారుచేశారు. పళ్ళెంలో కణాలు ఎన్నిసార్లు చీలాక తిరగబడ్డాయో యంత్రం లెక్కపెడుతుంది. అన్ని చీలికలంటే మనిషికి ఎన్నేళ్ళో చెప్పే పట్టిక ఒకటుంది. చలిదేశాల్లో ఇదే జబ్బున్న కుటుంబాల్ని ఏళ్ళ తరబడి గమనించి కట్టిన పట్టిక అది.

"యాభై," అంది వకుళ ఆ రోజు.

ఉజ్వల కుర్చీ అంచుకి జరిగింది. "నిజంగా యాభయ్యేనా మేడమ్? పదిహేను తగ్గించి చెప్పినా నేనేం బేరమాడనండి."

"యాభయ్యే. కాస్త ముందుగా నలభై అయిదుకి ఆలోచిద్దాం. నలభై దాటేదాకా నీకు గొట్టం కూడా అక్కర్లేదు. వెళ్ళు, హాయిగా బతుకు."

ఉజ్వల తల్లి సత్యవేణి పైట నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఉజ్వల మాత్రం కుర్చీలోంచి లేచి వకుళని గట్టిగా వాటేసుకుంది. ఆ గొట్టమంటే ఆ పిల్లకి చచ్చేంత భయం. మర్నాడు బస్సులో పెద్ద అట్టపెట్టెనిండా పూతరేకులు దిగాయి. వారం దాకా ల్యాబులో ఎవరి కోటు చూసినా పంచదార పొడే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వకుళకి ఆ వారమంతా కాళ్ళు నేలమీద ఆనలేదు.

అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆమె ముందే అడిగింది కూడా. తండ్రి వైపు? తండ్రి, తాత, ఇద్దరూ కడుపు జబ్బుతోనే పోయారు. తల్లి వైపు? "మా అమ్మ తుఫానులో కొట్టుకుపోయిందండి, నాకప్పుడు రెండేళ్ళు. ఏ జబ్బూ లేదండి," అంది సత్యవేణి. తల్లి వైపు ఏమీ లేదని వకుళ ఫారంలో ఎక్కించుకుంది. సత్యవేణి చెప్పినదాంట్లో పిసరంత అబద్ధం లేదు.

యాభై అన్నాక ఉజ్వల ఆగుతుందా? ఏడాది తిరక్కుండా తణుకులో మోటారు షెడ్డున్న దుర్గారావుని పెళ్ళి చేసుకుంది. ఇంకో ఏడాదికి ఫోను చేసి, "మేడమ్, ఏడో నెల. ఆదివారం పుట్టింట్లో సీమంతం. మీరు రాకపోతే గాజులు తొడిగించుకోను," అని బెదిరించింది.

వకుళ వెళ్ళింది. ఇంటినిండా ఆడవాళ్ళు, అరుగుమీద చెప్పుల గుట్ట, లోపల్నించి నేతి వాసన. ఉజ్వల ఆకుపచ్చ పట్టుచీరలో చెంపలకి పసుపు రాసుకుని కూర్చుంది. పేరంటాళ్ళు వరసగా గాజులు తొడుగుతూ, "మగపిల్లాడే, కడుపు చూస్తే తెలీడంలా?" "ఏం కాదు, ఆ మొహంలో కళ చూడు, ఆడపిల్లే," అని దెబ్బలాడుకుంటున్నారు.

భోజనాల్లో ఉజ్వల పక్కనే వకుళకి ఆకు వేశారు. పులిహోర, పనసపొట్టు కూర, బొబ్బట్లు. ఉజ్వల రెండు ముద్దలు తిని ఆకు మడిచేసింది.

"అదేంటే, కడుపుతో ఉన్నదానివి ఇద్దరి తిండి తినాలి!"

"రెండు ముద్దలకే నిండిపోతోంది మేడమ్. ఇది పైకి తన్నుతోంది కదా, చోటెక్కడుంటుంది?" అని నవ్వింది ఉజ్వల. మొహం కాస్త పాలిపోయి ఉంది. నిండు చూలాలు కదా అనుకుంది వకుళ.

అప్పుడే సత్యవేణి వంటింటి గుమ్మంలోంచి కేకేసింది. "అమ్మమ్మా, చలిమిడి ఎక్కడ పెట్టావే? ముత్తయిదువులు లేచిపోతున్నారు!"

"నా నెత్తిమీద పెట్టుకున్నా! దేవుడి గూట్లో చూడు," అంది మూలన పీటమీద కూర్చున్న మంగాయమ్మ. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటుంది. వీర్రాజుకి తల్లి.

వకుళ చేతిలో బొబ్బట్టు అలాగే ఆగిపోయింది. మంగాయమ్మ సత్యవేణికి అత్తగారు. కోడలు అత్తని 'అత్తా' అంటుంది. పిల్లల వరసకి దిగితే 'నానమ్మా' అంటుంది. అమ్మమ్మ ఎక్కణ్ణించి వచ్చింది?

చెయ్యి కడుక్కుని వెళ్ళి ముసలామె పక్కన కూర్చుంది. "మామ్మగారూ, సత్యవేణిగారు మిమ్మల్ని అమ్మమ్మా అంటున్నారేంటండి?"

"అమ్మమ్మనే కదమ్మా మరి! మా పెద్దపిల్ల కూతురది. తుఫానుకి మా పిల్లా అల్లుడూ ఒకే రాత్రి పోయారు. ఇది గాదె మీద దొరికింది, తడిసిన పిల్లికూనలాగ. నేనే పెంచాను. పెళ్ళీడుకొచ్చాక తల్లీ తండ్రీ లేని పిల్లని పైవాళ్ళ చేతుల్లో పెట్టడానికి మనసొప్పలేదు. మా వీర్రాజు దానికి సొంత మేనమామ. ఆయ్, ఇంట్లో బంగారాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాను." మంగాయమ్మ ముడతల మొహమంతా వెలిగిపోయింది. "ఆ ఇద్దరూ ఒక్కనాడు మాటా మాటా అనుకోలేదమ్మా."

"తాతగారు పోయింది కడుపులో జబ్బుతోనే కదండి?"

"కడుపులో పుండనేవారు అప్పట్లో."

వకుళ వేళ్ళమీద వరస కట్టుకుంది. తాత జబ్బు కొడుక్కి వచ్చింది, సరే. కూతురికి రాలేదని ఎవరు చెప్పారు? ఆ కూతురు జబ్బు బయటపడే వయసుదాకా బతకనే లేదు. ఆమె కూతురు సత్యవేణి. సత్యవేణికీ వీర్రాజుకీ పుట్టింది ఉజ్వల. శుభమా అని సీమంతం జరుగుతుంటే ఆ మాట అక్కడ ఎత్తలేక, తాంబూలం పుచ్చుకుని, ఉజ్వల నెత్తిమీద అక్షింతలు వేసి బయటపడింది. రావులపాలెం దాటేదాకా ఆమెకి బస్సులో ఏడుపు ఆగలేదు.

ప్రతి జన్యువూ మనిషికి జంటగా వస్తుంది, అమ్మనించి ఒకటి, నాన్ననించి ఒకటి. ఈ జబ్బులో ఒకటి చెడినా రెండోది పక్కనుండి కాస్త కళ్ళెం వేస్తుంది. ఉజ్వలకి మొదట్లో చేసిన జన్యుపరీక్ష చెడ్డది ఉందా లేదా అని మాత్రమే చూసింది. ఒకటా రెండా అని ఎవరూ చూడలేదు. మర్నాడు వకుళ ల్యాబులో దాచి ఉంచిన ఉజ్వల కణాల్ని బయటికి తీసి ఆ పరీక్ష కూడా చేసింది.

చెన్నకేశవగారి గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పింది. "ఉజ్వలకి రెండూ చెడ్డవేనండి. వాళ్ళమ్మ చేసుకుంది సొంత మేనమామని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే?"

"మన పట్టిక కట్టిన కుటుంబాల్లో రెండూ చెడినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారాండి?"

"ఎలా ఉంటారు వకుళా? అక్కడ మేనమామని పెళ్ళాడితే జైల్లో పెడతారు." నవ్వబోయి ఆగిపోయారు ఆయన. చేతిలో కళ్ళజోడు అలాగే ఉండిపోయింది.

వకుళ కంప్యూటర్లో పాత వీడియో పెట్టింది. తొందరపెట్టే మందు ఇంకా వెయ్యని రోజులది. పళ్ళెంలో ఉజ్వల కణాలు వాటంతటవే, మిగతా రోగుల కణాలకి రెట్టింపు జోరులో చీలుతున్నాయి. అప్పట్లో అది చూసి, 'పిల్లలాగే చలాకీగా ఉంది' అని వకుళ మురిసిపోయింది.

"రోడ్డు పొడవు సరిగ్గానే కొలిచామండి. నడిచేవాళ్ళ వేగమే తప్పు వేశాం. ఈ పిల్ల రెండింతల వేగంతో నడుస్తోంది."

"అంటే యాభై..." అని ఆయన పూర్తి చెయ్యలేదు.

"పాతికండి. ఉజ్వలకిప్పుడు ఇరవై నాలుగు. అన్నం కూడా పట్టడం లేదు, నేను పక్కన కూర్చుని చూశాను."

చెన్నకేశవగారు చెడ్డమనిషి కాదు. అరవై దాటిన వయసులో ఆ పళ్ళాల ముందు మోకాళ్ళమీద కూర్చుని, వాటిని చంటిపిల్లల్లా సాకిన మనిషి. అలాంటాయన గొంతు కూడా ఆ పూట బేరాల్లోకి దిగింది. "ఏడో నెలంటున్నావు. పురుడొచ్చేదాకా ఆగుదాం. ఊరికే బెదరగొడితే తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. అదీగాక ఇంకా ఎంతమందికి లెక్కలు చెప్పి పంపాం మనం!"

"వాళ్ళందరికీ ఫోను చెయ్యాలండి. మేనరికాలు ఉన్నాయేమో అడగాలి."

"ఫారంలో ఆ ప్రశ్నే లేదు. నువ్వేం చేస్తావు?"

"ప్రశ్న లేకపోతే నాకు నోరు లేదాండి? మా అమ్మ బావని చేసుకుంది. మా పిన్ని మేనమామని చేసుకుంది. మా ఇంట్లో సగం పెళ్ళిళ్ళు అవే. ఆ ఫారం రాసినవాళ్ళకి తెలీదు, నాకు తెలీదా?" వకుళ గొంతు లేచింది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలీలేదు. "నేను ఆగను. ఇవాళే వెళ్తున్నాను."

ఆయన ఆపలేదు. వెనకనుంచి, "కారు తీసుకెళ్ళు," అన్నారు.

ఉజ్వల ఇంకా పుట్టింట్లోనే ఉంది. మధ్యాహ్నం వేళ, బోర్లించిన కుండమీద సత్యవేణి తడిగుడ్డతో పిండి పూసి రేకు తీస్తోంది. వకుళ మొహం చూసి పొయ్యి ఆర్పేసింది. వకుళ దాచకుండా మొత్తం చెప్పింది. లెక్క తప్పు మాదని మొదట చెప్పింది, చివర్న మళ్ళీ చెప్పింది. రేపే గొట్టం వేసి చూడాలంది.

మంగాయమ్మ మంచం మీంచి లేచి గోడ పట్టుకుని వచ్చింది. "అంటే, నేను చేసిన పెళ్ళివల్లేనా అమ్మా?"

"కాదు మామ్మగారూ. మేం అడక్కపోవడంవల్ల."

"నాకు మసిపూసి చెప్పకు. దీన్ని పైవాళ్ళకిచ్చుంటే పిల్లకి ఒక్కటే వచ్చేది. అంతే కదా?"

వకుళ తల దించుకుంది. మంగాయమ్మ నెత్తి కొట్టుకుంటూ కూలబడిపోయింది. "నా చేతులు పడిపోనూ! బంగారమనుకున్నానే, బంగారమనుకుని నిప్పు మూటగట్టానే!"

సత్యవేణి ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతులు పట్టేసుకుంది. "ఊరుకో అమ్మమ్మా. నువ్వు చెయ్యడమేంటి? మావయ్యని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని అన్నం మానేసింది నేను కాదూ? మర్చిపోయావా?" ఆ మాట నిజమో, ముసలిదాన్ని ఓదార్చడానికి అప్పటికప్పుడు అల్లిందో వకుళకి తెలీలేదు. మంగాయమ్మ మాత్రం మనవరాలి మొహంలోకి పిచ్చిదానిలా చూస్తూ ఉండిపోయింది.

ఉజ్వల పొట్టమీద రెండు చేతులూ పెట్టుకుంది. "నా సంగతి తర్వాత మేడమ్. గొట్టం వేస్తే బిడ్డకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"అయితే పదండి," అంది.

ఒక్క బుడిపె తిరగబడి ఉంది. ఒక్కటే, అదీ పైపొరలోనే. ఇంకో రెండు నెలలు ఆగుంటే ఏమయ్యేదో పెద్ద డాక్టరు చెప్పబోతే ఉజ్వలే వద్దంది. ఎనిమిదో నెల నిండుతుండగా ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, అరచేతిలో పట్టేంత. ఉజ్వల కాస్త కోలుకోగానే కడుపు మొత్తం తీసేశారు. సత్యవేణికి కూడా గొట్టం వేస్తే బుడిపెలు కనబడ్డాయి, ఇంకా ఏదీ తిరగబడలేదు. ఆవిడ కూడా ఆపరేషన్‌కి పేరు రాయించుకుంది. వకుళ మిగతా కుటుంబాలన్నిటికీ ఫోన్లు చేసింది. రెండు ఇళ్ళలో తిట్టారు, ఒకచోట ఎత్తినాయన ఏడ్చాడు.

పిల్లకి ఆరో నెల వచ్చాక వకుళ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. ఈసారి పనిమీదే వెళ్ళింది. ఇక దేశంలో ఏ పళ్ళెమైనా మేనరికాల్ని కూడా లెక్కలోకి తీసుకున్న పట్టికతోనే చదవాలని చెన్నకేశవగారు రాత్రింబవళ్ళు కూర్చుని కొత్తది కట్టారు. దానికి మొదటి నమూనాగా ఉజ్వల పాప చెంప లోపల దూదిపుల్లతో తుడిచి తెమ్మన్నారు. ఆ కణాల్ని కడుపు పొరగా మార్చి పరుగు పెట్టిస్తారు.

ఉజ్వల చిక్కి సగమైంది. ఇడ్లీ ముక్కని చిదిపి, నమిలి నమిలి మింగుతోంది. ఒళ్ళో పాప గుటగుటా పాలు తాగుతోంది. దూదిపుల్ల ఉన్న గాజు గొట్టాన్ని చూసి, "దీనికి ఉందో లేదో చూడ్డానికా మేడమ్?" అంది.

ఈ ప్రశ్న వస్తుందని వకుళకి తెలుసు. దారంతా దాని జవాబే కూడబలుక్కుంటూ వచ్చింది. "అది చూడక్కర్లేదమ్మా. నీ రెండూ చెడ్డవే కదా. నువ్వు ఏది ఇచ్చినా... ఉంటుంది. వాళ్ళ నాన్నది మంచిది కాబట్టి దీనికి ఒక్కటే."

సత్యవేణి మొహం తిప్పుకుంది. ఉజ్వల పాప తలమీద చెయ్యి వేసి, చాలాసేపు వేసే ఉంచింది.

"మరి ఇది దేనికి?"

"ఎప్పుడో చెప్పడానికి. ఈసారి లెక్క సరిచేశాం."

"వద్దు మేడమ్."

"పిచ్చిమాటలు మాట్లాడకే," అంది సత్యవేణి. "తెలిస్తే మంచిదే కదా. మీ నాన్నకి తెలిసుంటే బతికేవాడు."

"నాన్నకి తెలుసమ్మా. ఏటా రమ్మంటే వెళ్ళలేదు. నేను కూడా వెళ్ళలేదు. రానక్కర్లేదని నాతో వీళ్ళే చెప్పారు." ఉజ్వల గొంతు పెంచలేదు. "మీమీద కోపంతో అనడం లేదు మేడమ్. మీరు యాభై అన్నారు కాబట్టి పెళ్ళి చేసుకున్నాను. ఆ రోజే సరిగ్గా చెప్పుంటే కడుపు తీయించుకుని మూల కూర్చునేదాన్ని, ఇది పుట్టేదే కాదు. నాకు దక్కింది మీ తప్పువల్లే. రేపు దీనికి మీరు అంగుళం తేడా లేకుండా సరైన లెక్క చెప్తారు. అది విని ఇది పెళ్ళే వద్దంటే? దీనికి పుట్టాల్సిన పిల్ల సంగతేంటి? ఆ లెక్క మీ పట్టికలో ఉందా?"

వకుళ, "లేదమ్మా. నాకు తెలీదు," అంది.

పాప పాలు తాగడం ఆపి, కళ్ళు మూతలు పడుతుండగా నిద్రలోకి జారింది. ఉజ్వల దాన్ని భుజాన వేసుకుని వీపు నిమిరింది.

"వయసు రాగానే నేనే తీసుకొస్తాను. ఏటా, పరగడుపున. గొట్టం వేస్తుంటే ఏడుస్తుంది, ఏడవనివ్వండి, నేను పట్టుకుంటాను. బుడిపెలు వచ్చాయా, తిరగబడ్డాయా, మీ కళ్ళతో మీరు చూడండి. మళ్ళీ ఏడు మళ్ళీ చూడండి. అంతే మేడమ్. 'ఇక రావక్కర్లేదు, హాయిగా బతుకు' అని మాత్రం నా బిడ్డకి చెప్పి పంపెయ్యకండి."

వకుళ దూదిపుల్లని గాజు గొట్టంతో సహా సంచిలో పెట్టేసుకుని, పాపని ఇలా ఇమ్మని చేతులు చాచింది. ఉజ్వల ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చింది.